రాని క్యాసెట్ కోసం లండన్ దాకా

లండన్‌లో ఇళయరాజా కచేరీ విని, మేముండే లీడ్స్‌కి తిరిగొచ్చి మూడు రోజులైంది. నాన్న ఇంకా కోటు జేబులోంచి టికెట్ కాగితం తియ్యలేదు. ఆయన ఫోన్లలో చెప్పే కథ రోజురోజుకీ పెరుగుతోంది కాబట్టి, జరిగింది జరిగినట్టు నేను రాసి పెట్టుకుంటున్నాను.

ముందు క్యాసెట్ సంగతి చెప్పాలి. తెనాలిలో బోసు రోడ్డు పక్క సందులో నాన్నకు రికార్డింగ్ షాపు ఉండేది. పాటల చీటీ, ఖాళీ క్యాసెట్ ఇచ్చి వెళ్తే సాయంత్రానికల్లా ఎక్కించి ఇచ్చేవాడు. 60 నిమిషాల క్యాసెట్‌కి పన్నెండు పాటలు, 90కి పద్దెనిమిది. నా దస్తూరీ బాగుంటుందని అట్ట మీద పాటల పేర్లు నాచేత రాయించేవాడు. చట్టం లెక్కలో అది దొంగతనమే. తెనాలి లెక్కలో మాత్రం సేవ. చీటీల్లో సగం ఇళయరాజా పాటలే ఉండేవి. సాగర సంగమం, గీతాంజలి, రుద్రవీణ రాసీ రాసీ నాకు స్పెల్లింగుల పరీక్షలో కూడా అవే గుర్తొచ్చేవి.

1993లో ఇళయరాజా లండన్ వెళ్ళి రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో సింఫనీ రికార్డు చేశారని పేపర్లో పడింది. సింఫనీ అంటే పెద్ద ఆర్కెస్ట్రా వాయించే, భాగాలు భాగాలుగా ఉండే పాశ్చాత్య సంగీతమని అప్పట్లో మా సందులో ఎవరికీ తెలియదు, నాన్నతో సహా. అయినా ఎలాగూ క్యాసెట్ వస్తుంది కదా అని ఆర్డర్లు రాసుకున్నాడు. పదకొండు పేర్లు వచ్చాయి. మా స్కూలు డ్రాయింగ్ మాస్టారైతే పది రూపాయలు అడ్వాన్సు కూడా ఇచ్చారు. ఆ క్యాసెట్ రానే లేదు. ఆ రికార్డింగ్ బయటికే రాలేదు. తర్వాత ఎంపీత్రీ సీడీలొచ్చాయి, షాపు మూతపడింది. ఆర్డర్ల పుస్తకం మాత్రం ఇంకా మా బీరువాలో ఉంది.

అందుకే, అదే ఆర్కెస్ట్రా ఆయన కొత్త సింఫనీ ‘వేలియంట్’ని 2025 మార్చి 8న లండన్‌లో వాయిస్తుందని తెలియగానే నేను రెండో ఆలోచన లేకుండా రెండు టికెట్లు కొన్నాను. అమ్మానాన్న జనవరి నుంచి మా ఇంట్లోనే ఉన్నారు. అమ్మ రానంది. “నేను ముప్పై ఏళ్ళు రెండు టేప్‌రికార్డర్ల మధ్య కాపురం చేశాను. నాకు చాలు” అని మనవడితో ఉండిపోయింది. టికెట్ ఎంతో నాన్నకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మార్చి 7, శుక్రవారం. ఈస్ట్ హామ్

తెలిసినవాళ్ళ ద్వారా ఈస్ట్ హామ్‌లో ఒక గది దొరికింది, రాత్రికి 55 పౌండ్లు. నాన్న నిలబడ్డ చోటే పౌండుకి 112 రూపాయల చొప్పున గుణించి, “ఆరు వేలు దాటింది. మంచం ఒకటేనా?” అన్నాడు. రెండున్నాయి. కొంచెం శాంతించాడు.

సామాను పెట్టి హై స్ట్రీట్ నార్త్ మీదకి వచ్చాం. వరసగా చీరల కొట్లు, నగల కొట్లు, తమిళం బోర్డులు. బుట్టల్లో ములక్కాడలు, అరిటిపువ్వు, కరివేపాకు. ఏదో కొట్లోంచి పాత తమిళ పాట. నాన్న నడక ఆపి విన్నాడు. “ఇది ఆయనదే. లండన్ అని చెప్పి మెడ్రాసు తీసుకొచ్చావేంటి అమ్మాయ్?” అన్నాడు. నిజానికి ఆయనకి చాలా హాయిగా ఉంది. లీడ్స్‌లో రెండు నెలలుగా ఇంటి బయట ఎవరితోనూ మాట్లాడలేదు. ఇక్కడ కొబ్బరికాయ కొనడానికి కూడా బేరమాడుతున్నాడు.

రంజాన్ నెల. ఆరు కావొస్తుండగా ఒక మిఠాయి కొట్టు ముందు బల్ల వేసి ఖర్జూరాలు, సమోసాలు, రోజ్‌మిల్కు గ్లాసులు సర్దుతున్నారు. మేం పక్కనుంచి పోతుంటే ఒక కుర్రాడు నాన్న చేతిలో ఖర్జూరం పెట్టాడు. మాకు ఉపవాసం లేదు బాబూ అని నేను చెప్పబోయాను. “ఆకలి ఉంటుంది కదా ఆంటీ” అన్నాడు. నాకు కూడా ఒకటి ఇచ్చాడు. ఆంటీ అన్నందుకు కాస్త బాధపడ్డాను కానీ ఖర్జూరం బాగుంది.

రాత్రి దోశెల హోటలు. మసాలా దోశె ఆరున్నర పౌండ్లు, సాంబారు ఎన్నిసార్లడిగినా పోస్తారు. వడ్డించే కుర్రాడు మా మాట వినగానే తెలుగులోకి దిగాడు. కావలి అట. ఇక్కడ ఎమ్మెస్సీ చదువుతూ, స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలకి మించి చెయ్యకూడదు కాబట్టి ఈ హోటల్లో శుక్ర, శనివారాలు పనిచేస్తున్నాడు. నాన్న ఊరుకోడు కదా.

“ఇళయరాజా అంటే తెలుసా బాబూ?”

“తెలుసంకుల్, రీల్స్‌లో వింటుంటా.”

నాన్న మొహం చూడాలి. జగదేకవీరుడు అతిలోకసుందరి పాటలకి షాపు ముందు లైను ఎలా ఉండేదో, ఒక్క వారంలో ఎన్ని క్యాసెట్లు ఎక్కించాడో మొదలుపెట్టాడు. వెనక బల్లవాళ్ళు బిల్లు కోసం చెయ్యూపుతున్నారు. ఆ పిల్లాడు పాపం నిలబడి విన్నాడు. వెళ్ళేటప్పుడు ఒక చిన్న డబ్బాలో కారప్పొడి, మీద నెయ్యి వేసి తెచ్చి, బిల్లులో రాయనన్నాడు. నాన్న బల్ల మీద రెండు పౌండ్లు పెట్టాడు. గుణించకుండా పెట్టడం ఆ రోజుకి అదొక్కసారే.

మార్చి 8, శనివారం పొద్దున. వెస్ట్‌మినిస్టర్

నాన్నకి బిగ్ బెన్ దగ్గర ఫొటో కావాలి. తెనాలి వాకింగ్ బ్యాచ్‌కి చూపించాలట. ఎంబాంక్‌మెంట్‌లో దిగి నది పక్కనే నడిచాం. ఎండ బాగా కాసింది, మార్చి మొదట్లో ఇంత ఎండ చూడటం నాకే కొత్త. జనం కోట్లు విప్పి చేతి మీద వేసుకుని తిరుగుతున్నారు.

దగ్గరికి వెళ్తుంటే పోలీసు టేపులు కనిపించాయి. వంతెన మూసేశారు, బస్సులు లేవు. అందరూ తలలెత్తి చూస్తున్నారు. గడియారం స్తంభం మీద, ఎక్కడో పైన రాతి అంచు మీద ఒక మనిషి పాలస్తీనా జెండా పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. పొద్దున్నే ఎక్కాడట. కింద ఫైరింజన్లు, నిచ్చెనల బండ్లు, ఎవరో మైకులో నచ్చచెప్తున్నారు. (అర్ధరాత్రి దాటాక గానీ దిగలేదని మర్నాడు వార్తల్లో చూశాం.)

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. “నీళ్ళు తీసుకెళ్ళాడో లేదో” అన్నాడు చివరికి. ఫొటో దిగాం. పెద్దది చేసి చూస్తే నాన్న చెవి పక్కన చిన్న చుక్కలా ఆ మనిషి ఉన్నాడు.

అక్కణ్ణుంచి నా తెలివితేటలు మొదలయ్యాయి. నా కాలేజీ స్నేహితురాలు రెండింటికి, కచేరీ హాలున్న హామర్‌స్మిత్‌లో, స్టేషన్ బయట కలుస్తానంది. వెనక్కి ఎంబాంక్‌మెంట్ వచ్చేసరికి ప్లాట్‌ఫాం బోర్డు మీద ‘హామర్‌స్మిత్’ అని ఉంది, రైలు తలుపులు మూసుకుంటున్నాయి. నాన్న చెయ్యి పట్టి లాగేశాను. నాలుగైదు స్టేషన్లు పోయాక నాన్న కళ్ళద్దాలు సర్దుకుని, “టవర్ హిల్... ఇది తూర్పు కదమ్మాయ్? మనం వెళ్ళాల్సింది పడమర అన్నావు” అన్నాడు.

ఈ ఊళ్ళో సర్కిల్ లైన్ అని ఒకటుంది. ఎంబాంక్‌మెంట్ నుంచి హామర్‌స్మిత్‌కి డిస్ట్రిక్ట్ లైన్లో పడమరకి వెళ్తే ఇరవై నిమిషాల పని. సర్కిల్ లైను రైలు కూడా హామర్‌స్మిత్‌కే వెళ్తుంది, కాకపోతే తూర్పుకి బయల్దేరి, లివర్‌పూల్ స్ట్రీట్, కింగ్స్ క్రాస్, ప్యాడింగ్టన్ అన్నీ చుట్టి, గంటకి తీరిగ్గా చేరుతుంది. అబద్ధం చెప్పలేదు, నిజం మొత్తం చెప్పలేదంతే. దిగి మారదామంటే నాన్న ఒప్పుకోలేదు. సీటు దొరికింది, మోకాళ్ళకి విశ్రాంతి, టికెట్ అదే కదా అన్నాడు. ప్యాడింగ్టన్ దాటాక రైలు పైకొచ్చి ఇళ్ళ వెనకగోడల పక్కనుంచి పోతుంటే, పెరళ్ళలో ఆరేసిన బట్టలన్నీ చూసి సంతోషపడ్డాడు.

అసలు తమాషా దిగాక. “నేను స్టేషన్ బయటే ఉన్నానే.” “నేనూ బయటే ఉన్నా.” “కాఫీ షాపు పక్కన.” “నేనూ కాఫీ షాపు పక్కనే.” పావుగంట ఇదే. హామర్‌స్మిత్‌కి రెండు స్టేషన్లున్నాయి, పేరు ఒకటే, మధ్యలో పెద్ద రోడ్డు. తను అటు, మేం ఇటు. చివరికి నాన్నే, రోడ్డవతల మా వైపు వీపు పెట్టి ఫోన్లో అరుస్తున్న అమ్మాయిని చూపించి, “ఆ చున్నీ మనవాళ్ళదే” అన్నాడు.

అదే మధ్యాహ్నం. హామర్‌స్మిత్ వంతెన

హాల్లోకి తిండి రానివ్వరని ముందే తెలుసు కాబట్టి, లీడ్స్‌లో కలిపి తెచ్చిన పులిహోర నది ఒడ్డున బెంచీ మీద తినేశాం. పులిహోర రెండో రోజుకే రుచి. శనివారం కాబట్టి నాన్నకి ఇంకో దారి కూడా లేదు. స్నేహితురాలు రెండుసార్లు పెట్టించుకుని, ఇంట్లో పాప ఒక్కతే ఉందని పరిగెత్తింది. ఆమె వచ్చింది మమ్మల్ని చూడ్డానికా, పులిహోర కోసమా అన్నది ఇంకా తేలలేదు.

ఎదురుగా ఆకుపచ్చ రంగు వంతెన, 1887 నాటిది. చాలా అందంగా ఉంది. దాని మీద మనుషులు, సైకిళ్ళు తప్ప కార్లు లేవు. ఇనుములో పగుళ్ళు కనిపించాయని 2019లో వాహనాలు ఆపేశారని చెప్పాను. “ఆరేళ్ళయినా ఒక వంతెన బాగుచేసుకోలేకపోయారా! మరి మనల్ని అన్నేళ్ళు ఎలా ఏలారు?” అని నాన్నకి నిజంగానే అనుమానం వచ్చింది.

నాలుగున్నరకల్లా హాలు వైపు నడిచాం. హాలు పేరు అపోలో, ఒక ఫ్లైఓవర్ పక్కన ఉంటుంది. గేట్లు తెరవడానికి చాలా టైముంది, అయినా అప్పటికే పట్టుచీరలు, పంచెలు, మల్లెపూలు. వాటి మధ్య ఈ దేశం వాళ్ళు కొందరు, ఏదో పెళ్ళికి పిలుపు లేకుండా వచ్చినట్టు కాస్త బెరుగ్గా. నాన్న వయసే ఉన్న ఒకాయన మా ముందు నిలబడ్డాడు. నుదుట విభూతి, మెడలో మఫ్లరు. మా మాటలు విని “తెలుంగా?” అన్నాడు. ఆయనది శ్రీలంకలోని జాఫ్నా, ఇప్పుడు వెంబ్లీ దగ్గర ఉంటున్నాడు.

ఆయనకు తెలుగు రాదు, నాన్నకు తమిళం రాదు, ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రం. అయినా గంటసేపు మాట్లాడుకున్నారు. ఎలాగంటే, ఆయన ఒక ట్యూన్ కూనిరాగం తీస్తాడు. నాన్న అందుకుని తెలుగు మాటలు పాడతాడు. “ఆ, ఆ! అదే!” అని ఇద్దరూ చేతులు కొట్టుకుంటారు. మళ్ళీ నాన్న వంతు. నాన్న తీసినవాటిలో మూడింటికి ఆయన తల అడ్డంగా ఊపాడు. అవి తెలుగుకే చేసిన పాటలు, అవతల లేవు. నాన్న ఆ మూడూ పూర్తిగా పాడి వినిపించాడు, ఆస్తి పత్రాలు చూపించినట్టు.

తర్వాత ఆయన ఒక సంగతి చెప్పాడు. యుద్ధం రోజుల్లో జాఫ్నాలో ఏళ్ళ తరబడి కరెంటు ఉండేది కాదు. సైకిల్‌ని తలకిందులుగా పెట్టి, ఒకరు పెడల్ తిప్పుతుంటే, డైనమో తీగల్ని టేప్‌రికార్డర్‌కి కలిపి పాటలు వినేవాళ్ళట. తిప్పేవాడు అలిసిపోతే పాట సాగిపోయి, గొంతు బొంగురుపోయేది. “ఇళయరాజా కోసం అయితే ఎవరూ అలిసేవాళ్ళం కాదు” అన్నాడు. నాన్న ఆయన చెయ్యి పట్టుకుని, అప్పుడు మీకు క్యాసెట్లు ఎక్కడివి అని అడిగాడు. వృత్తి బుద్ధి. మా పేటలో ఒక రికార్డింగ్ షాపు ఉండేది అన్నాడాయన. ఇక చూసుకోండి, ఆ ఇద్దర్నీ విడదియ్యడానికి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు రావాల్సొచ్చింది.

సాయంత్రం. లోపల

ఈ హాలు 1932లో సినిమా థియేటర్‌గా కట్టిందని చెప్పగానే నాన్నకి టెన్షన్ తగ్గింది. అప్పటిదాకా ఎలా కూర్చోవాలి, దగ్గొస్తే ఏం చెయ్యాలి అని అడుగుతూనే ఉన్నాడు. “సినిమా హాలేనా! అయితే మనకి అలవాటే” అన్నాడు. మా సీట్లు బాల్కనీలో. మెట్లు చాలా ఉన్నాయి, రెండుచోట్ల ఆగి ఎక్కాడు.

ఇళయరాజా వేదిక మీదికి రాగానే హాలంతా లేచింది. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి. పై నుంచి చూస్తే చిన్నగా ఉన్నారు. నాన్న ఈల వేస్తాడేమోనని భయపడ్డాను. వెయ్యలేదు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, కూర్చోవడం మర్చిపోయాడు. వెనకావిడ భుజం తట్టాల్సొచ్చింది.

కండక్టర్ మికెల్ టామ్స్ కర్ర ఎత్తారు. తబలా లేదు, బేస్ గిటార్ లేదు, పాడేవాళ్ళు లేరు. ఎనభైల నుంచి మాకు ఇళయరాజా అంటే బాలు గొంతు, జానకి గొంతు, వేటూరి మాట. అవన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. మొదటి భాగంలో వయొలిన్ల విల్లులన్నీ ఒక్కసారిగా లేవడం, దిగడం చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే మధ్యలో దారి తప్పాను. పల్లవి ఎప్పుడొస్తుందా అని ఒళ్ళు ఎదురుచూస్తుంది, అది రాదు. నాన్న కూడా ముందుకు వంగి, కనుబొమలు ముడేసి, లెక్క కుదరనివాడిలా ఉన్నాడు.

మొదటి భాగం ఆగగానే చప్పట్లు పడ్డాయి. మా నాన్నవి అందరికన్నా గట్టిగా. నాలుగు భాగాలూ అయ్యేదాకా కొట్టకూడదట, అది వీళ్ళ పద్ధతి. పక్కన కూర్చున్న ఇంగ్లీషాయన చిన్నగా నవ్వాడు, ఏమీ అనలేదు. నేను నాన్న చెవిలో చెప్పాను. “బాగుంటే కొట్టకుండా ఎలా ఉంటారమ్మా వీళ్ళు?” అన్నాడు. రెండోసారి చేతులు దగ్గరదాకా తెచ్చి ఆపుకున్నాడు, చుట్టూ కొందరు కొట్టడం చూసి కొట్టేశాడు.

మూడో భాగంలో అనుకుంటా, నాన్న వెనక్కి వాలాడు. కనుబొమల ముడి విడిపోయింది. కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. షాపులో పాట ఎక్కుతున్నప్పుడు, పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చునేవాడు.

విరామంలో కిందకి వెళ్ళాం. నీళ్ళ సీసా ధర చూసి నాన్న దాహం లేదన్నాడు. గోడకి ఆనుకుని ఇలా అన్నాడు:

“షాపుకొచ్చిన వాళ్ళు అడిగేవాళ్ళు గుర్తుందా, మధ్యలో మ్యూజిక్ కోసేసి ఇంకో పాట ఇరికించండి, పన్నెండుకి పద్నాలుగు పడతాయి అని? నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. వాళ్ళు కోసెయ్యమన్నదంతా పోగేసి ఇక్కడ పెట్టాడమ్మాయ్.”

సంగీతం తెలిసినవాళ్ళు దీన్ని ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. అయితే ఆ మాట తర్వాత నాకు విన్నదంతా వెనక్కి తిరిగి అర్థమైనట్టనిపించింది. ఇలాంటి సింఫనీ రాయడంలో ఇళయరాజా ఆసియాలో మొదటివాడా, రెండోవాడా అంటూ పత్రికలు చేసిన గోలకన్నా నాకిదే ఎక్కువ పనికొచ్చింది. 1986లో ఆయన బాఖ్‌కీ, త్యాగరాజుకీ అంకితమిస్తూ ‘హౌ టు నేమ్ ఇట్’ అని మాటల్లేని ఆల్బమ్ చేసినప్పుడు మా షాపులో దాన్ని అడిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు డ్రాయింగ్ మాస్టారు, రెండోది నాన్నే.

సింఫనీ తర్వాత ఆయన సినిమా సంగీతం కూడా ఆర్కెస్ట్రా వాయించింది. హాలు హాలంతా మారిపోయింది. చుట్టూ మూడు వేల మంది పెదాలు తమిళంలో కదులుతుంటే నాన్నవి తెలుగులో కదిలాయి. మా ముందు వరసలో ఒక కుర్రాడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తుంటే గేటు దగ్గరమ్మాయి వచ్చి మర్యాదగా దింపించింది. నాన్న జేబులో ఫోన్ ఉంది. బయటికి తియ్యలేదు. “బాలూకే లీగల్ నోటీసు పంపినాయన. మనమెంత” అన్నాడు. తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని పంపిన 2017 నాటి ఆ నోటీసు గొడవ నాన్నకింకా మింగుడుపడలేదు. ఇద్దరూ తన వాళ్ళే కాబట్టి ఎవరి పక్కా మాట్లాడడు.

బయట చల్లగాలి. జాఫ్నా ఆయన కోసం నాన్న ఫ్లైఓవర్ కింద ఇరవై నిమిషాలు వెతికాడు. పేరు అడగలేదు, నంబరు తీసుకోలేదు. దొరకలేదు. ఈసారి సరైన స్టేషన్‌లోంచి, డిస్ట్రిక్ట్ లైన్లో, తిన్నగా ఈస్ట్ హామ్. దారంతా ఒక్క మాట లేదు.

మార్చి 9, ఆదివారం. సోహో

బస్సు సాయంత్రానికి. మధ్యలో సోహోకి వెళ్ళాం. బర్విక్ స్ట్రీట్‌లో పాత గ్రామఫోన్ రికార్డుల కొట్లు ఉన్నాయని, నాన్న చూస్తాడని. లోపల అంతా ఇరవై ఏళ్ళ పిల్లలు. ఒక మూల అరలో క్యాసెట్లు. పాతవి కావు, కొత్తగా విడుదలైనవి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పనివి. నాన్న ఒకటి తీసి, తిప్పి, ఊపి, చెవి దగ్గర పెట్టి చప్పుడు విన్నాడు. పన్నెండు పౌండ్లు.

“పదమూడు వందల నలభై నాలుగు!” అన్నాడు. “మనం రికార్డింగుతో సహా పదిహేనుకి ఇచ్చేవాళ్ళం.” కౌంటర్ దగ్గర ముక్కుపోగు పిల్లాడికి, ఇంట్లో టేపు చిక్కుపడితే పెన్సిల్‌తో ఎలా తిప్పాలో చేతులతో చేసి చూపించాడు. ఆ పిల్లాడు తలుపు దాకా వచ్చి సాగనంపాడు. మేం ఏమీ కొనలేదు.

బయట మెట్టు మీద కూర్చుని నాన్న డ్రాయింగ్ మాస్టారికి ఫోన్ చేశాడు. అక్కడ సాయంత్రం అయిదు దాటింది. మాస్టారికి ఎనభై నిండాయి, చెవులు సరిగ్గా వినపడవు, అందుకని స్పీకర్‌లో పెట్టి అరుస్తుంటే వీధిలో వాళ్ళు తిరిగి చూస్తున్నారు.

“మాస్టారూ, 93లో సింఫనీ క్యాసెట్‌కి అడ్వాన్సు ఇచ్చారు, గుర్తుందా?”

“ఎందుకు గుర్తులేదయ్యా, పది రూపాయలు.”

“నిన్న లండన్‌లో విన్నానండీ. అదే ఆర్కెస్ట్రా. ఇది కొత్తదనుకోండి. నాలుగు భాగాలు.”

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. లైను తెగిందేమోనని నాన్న ఫోన్ చూసుకున్నాడు.

“రికార్డు చేశావా?”

“లేదండీ. చెయ్యకూడదు కదా.”

“నువ్వా!” అని మాస్టారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. “అయితే నా పది రూపాయలు ఇచ్చెయ్.”

ఫోన్‌పేలో ఇప్పుడే వేస్తానన్నాడు నాన్న. మాస్టారికి అది లేదట. మే నెలలో ఊరొచ్చినప్పుడు చేతికే ఇమ్మన్నారు, వడ్డీతో సహా.